అగ్నిపర్వతములను కొలిచిన మహనీయుడు హంబోల్టు

మన తెలుగునాటి తూర్పుతీరమునందలి శ్రీహరికోట నుండి 2025 జూలై 30వ తేదీన నిసార్ అను ఉపగ్రహము అంతరిక్షమునకు ఎగసెను. భారత, అమెరికా దేశముల అంతరిక్ష సంస్థలు కలిసి నిర్మించిన ఈ ఉపగ్రహము పండ్రెండు దినముల కొకమారు భూమిపై నున్న దాదాపు ప్రతి చోటిమీదుగను తిరిగి పోవుచు, నేల కొన్ని సెంటీమీటర్లు ఉబ్బినను, క్రుంగినను పసిగట్టునట్లు రూపొందించబడినది. అగ్నిపర్వతము బ్రద్దలగుటకు ముందు దాని గర్భమున శిలాద్రవము చేరి నేల ఉబ్బుట కద్దు. ఆ ఉబ్బును ఆకాశము నుండి కొలిచి పటమున గుర్తించు కాలమున మనము జీవించుచున్నాము.

ఇట్టి సాధనము లేవియు లేని దినములలో కాలినడకన కొండలెక్కి, గాజుగొట్టములోని పాదరసమును చూచి ఎత్తులు లెక్కకట్టి, అగ్నిపర్వత ప్రదేశములకు పటములు కూర్చిన మహనీయుడు అలెగ్జాండర్ ఫాన్ హంబోల్టు. ఆయన కీర్తి లోకవిదితము. అయినను మేమిచట ముఖ్యముగా చెప్పదలచినది ఆయన గుణములలో ఒకదానిని గూర్చి. తాను గురుముఖమున నేర్చిన సిద్ధాంతమును తన కొలతల యెదుట నిలిపి, అది నిలువజాలనప్పుడు విడిచిపెట్టిన ధైర్యము ఆయనయందు కలదు. విద్యార్థులకు అంతకంటె పనికివచ్చు పాఠము మరియొకటి లేదని మా విశ్వాసము.

హంబోల్టు 1769 సెప్టెంబరు 14వ తేదీన ప్రష్యా రాజ్యమునకు రాజధానియైన బెర్లిను నగరమున జన్మించెను. తండ్రి సైన్యోద్యోగి. 1779లో తండ్రి మరణించగా కుమారు లిరువురి విద్యాభారమును తల్లి వహించెను. అన్నయైన విల్‌హెల్మ్ భాషాశాస్త్రమున ప్రఖ్యాతి గాంచి, బెర్లిను విశ్వవిద్యాలయ స్థాపనకు కారకుడయ్యెను. తమ్ముడైన అలెగ్జాండరునకు బాల్యము నుండియు ఆకులు, పూవులు, పురుగులు, రాళ్లు ప్రోగుచేయుటయందే ఆసక్తి మెండు.

గోటింగెన్ విశ్వవిద్యాలయమున చదువుచున్న దినములలో ఆయనకు జార్జ్ ఫార్‌స్టర్‌తో స్నేహము కుదిరెను. ఫార్‌స్టర్ కెప్టెను కుక్ యొక్క రెండవ సముద్రయాత్రలో పాల్గొన్నవాడు. 1790లో ఈ మిత్రు లిరువురు రైను నది వెంబడి పయనించి ఇంగ్లండు వరకు పోయి వచ్చిరి. ఆ సంవత్సరముననే రైను తీరపు బసాల్టు రాళ్లను గూర్చి హంబోల్టు వ్రాసిన చిన్న గ్రంథము వెలువడెను. అప్పటి కాయన వయస్సు ఇరువది యొక్క సంవత్సరములు.

ఈ బసాల్టు అను రాయి మనకు క్రొత్తది కాదు. హైదరాబాదునకు పశ్చిమమున వికారాబాదు ప్రాంతము మొదలు మహారాష్ట్రమున అధిక భాగము పరచుకొనియున్న నల్లరాయి ఈ జాతిదే. దాదాపు 6 కోట్ల 60 లక్షల సంవత్సరముల క్రిందట భూగర్భము నుండి పొంగివచ్చిన లావా పొరలు పొరలుగా చల్లారి ఈ దక్కను పీఠభూమి రాళ్లయ్యెనని నేడు మన పాఠ్యపుస్తకములు చెప్పుచున్నవి. కాని హంబోల్టు యౌవనమున ఈ విషయము తేలియుండలేదు. పండితులు రెండు పక్షములుగా చీలియుండిరి. బసాల్టు నిప్పునుండి పుట్టినదని ఒక పక్షము, ఆదికాలపు మహాసముద్రజలమున పేరుకొనిన మడ్డియే రాయిగా మారినదని రెండవ పక్షము వాదించుచుండెను. రెండవ పక్షమునకు నాయకుడు ఫ్రైబర్గ్ గనుల విద్యాలయమున ఆచార్యుడైన వెర్నర్. నేలలోని బొగ్గుపొరలు అంటుకొనుటచేతనే అగ్నిపర్వతములు మండునని, అవి కేవలము స్థానికమైన చిన్న సంఘటనలని ఆయన బోధించుచుండెను. 1791లో హంబోల్టు ఆ ఆచార్యుని పాదముల చెంత చేరెను. గురువునెడ భక్తియు, గురువు మతమునెడ విశ్వాసమును ఆయనయందు సమృద్ధిగా నుండెను.

విద్య ముగిసిన పిదప 1792లో ప్రష్యా ప్రభుత్వపు గనుల శాఖలో ఉద్యోగము లభించెను. గనులలో దిగి పనివారితో కలిసి మెలగిన ఆ యువకుడు వారి అజ్ఞానమును, వారికి కలుగు ప్రమాదములను చూచి చింతించెను. తన సొంత ధనము వెచ్చించి 1793లో గనిపనివారికై ఒక పాఠశాల తెరచెను. విషవాయువులున్న చోట ఉపయోగించుటకు ఒక దీపమును కూడ కల్పించెను. 1796లో తల్లి మరణించగా ఆయనకు గొప్ప ఆస్తి సంక్రమించెను. దానితో భోగములు కోరక, ఉద్యోగము విడిచి, లోకమును చూడ నిశ్చయించుకొనెను. కొలత పరికరములు సేకరించి వాటిని వాడుట అభ్యసించెను. స్పెయిను రాజు అనుమతి పొంది, ఫ్రెంచి వృక్షశాస్త్రజ్ఞుడైన బోన్‌ప్లాన్‌తో కలిసి 1799 జూన్ 5వ తేదీన నావ యెక్కెను.

దారిలో కానరీ ద్వీపములందలి టెనెరీఫ్‌లో నావ ఆగెను. అచటి టెయిడె అను అగ్నిపర్వతమును హంబోల్టు ఎక్కెను. చదువుకొనిన దానిని కనులార చూచుట కది ప్రారంభము. జూలై నెలలో దక్షిణ అమెరికా తీరమున కుమానా అను పట్టణము చేరిరి. నవంబరులో అచట భూకంపము వచ్చెను. కాళ్ల క్రింది నేల కదలుట ఆయన కదే మొదటి అనుభవము. మరుసటి సంవత్సరము ఒరినోకో నదిపై పయనించి, ఆ నదికిని అమెజాను నదీవ్యవస్థకును కసికియారే అను జలమార్గము ద్వారా సంబంధము కలదని స్వయముగా చూచి స్థానములు గుర్తించెను. పిదప క్యూబా మీదుగా మరల దక్షిణ అమెరికా చేరి, 1802 జనవరిలో ఆండీస్ పర్వతముల నడుమ నున్న కీటో నగరమున అడుగిడెను.

కీటో నగరము చుట్టును అగ్నిపర్వతములే. హంబోల్టు పిచించా శిఖరమెక్కి దాని బిలమును తొంగిచూచెను. అంటిసానాపై ఎత్తునకు పోయెను. కొటొపాక్సీని పరిశీలించెను. ప్రతి చోటను ఆయన చేయు పని ఒక్కటియే: బారోమీటరు నిలిపి చూచుట, ఉష్ణోగ్రత వ్రాసికొనుట, రాయి ముక్క తీసికొనుట, మొక్క యేదో గుర్తించుట. పైకి పోయినకొలది గాలి బరువు తగ్గును. గాలి బరువు తగ్గినకొలది బారోమీటరులోని పాదరసము దిగును. ఎంత దిగినదో తెలిసినచో ఎంత ఎత్తున నున్నదియు లెక్కింపవచ్చును. ఈ సులభసూత్రముతోనే ఆయన పర్వతములను కాగితముపై దించెను. అయితే పొడవైన గాజుగొట్టమును పగులకుండ కొండలపై మోయుట సులభము కాదు. ఆ భారము మోసినవారు స్థానిక ప్రజలు. వారిలో పెక్కుమంది పేర్లు చరిత్రకెక్కలేదు. కాని వారి భుజములు లేనిచో ఆ పటములు లేవని మనము మరువరాదు.

1802 జూన్ 23వ తేదీన హంబోల్టు చింబొరాజో పర్వతము నెక్క ప్రయత్నించెను. ఆనాడు లోకమున కెల్ల ఎత్తైన పర్వత మదియేయని విద్వాంసులు నమ్మియుండిరి. ఆయనతో బోన్‌ప్లాన్, కీటో నగరపు యువకుడైన కార్లోస్ మాంటూఫార్ ఉండిరి. స్థానిక సహాయకులలో ఒక్కడు తప్ప తక్కినవారు మంచు చూచి వెనుదిరిగిరి. గాలి పలుచనై ఊపిరి అందలేదు. చిగుళ్లనుండి రక్తము కారెను. కత్తి అంచువంటి సన్నని గట్టుపై నడచి నడచి, చివరకు దాటరాని లోయ అడ్డురాగా ఆగిపోయిరి. శిఖరమింకను పైననే యుండెను. హంబోల్టు అచటనే బారోమీటరు నిలిపి చూచెను. ఆయన లెక్క ప్రకారము వారు చేరిన ఎత్తు 5,878 మీటర్లు. పర్వతము యొక్క ఎత్తు నేటి లెక్కలో 6,263 మీటర్లు. తాను శిఖరము చేరితినని ఆయన చెప్పుకొనలేదు. ఎచట ఆగెనో ఆ చోటినే లెక్కతో సహా లోకమునకు తెలిపెను. అప్పటివరకు అంత ఎత్తునకు ఎక్కి కొలతలు తీసికొని వచ్చిన విద్వాంసుడు మరియొకడు లేడు.

ఆ సంవత్సరముననే ఏప్రిలు నెలలో మన దక్షిణదేశమున మద్రాసు సమీపమున లాంబ్టన్ దొర ఆధారరేఖను కొలిచి, భారతదేశపు త్రిభుజాకార సర్వేకు నాంది పలికెను. ఆ సర్వేయే ముందునకు సాగి హిమాలయముల ఎత్తులను నిర్ణయించినది; హిమాలయముల కొలతలు వెలువడగా చింబొరాజోకు గల ప్రథమస్థానము తొలగినది. అయినను భూమి మధ్యరేఖ వద్ద ఉబ్బియుండుటచేత, భూకేంద్రమునుండి లెక్కించినచో చింబొరాజో శిఖరమే నేటికిని అన్నిటికంటె దూరమున నున్నది. కొలుచు విధమునుబట్టి గొప్పతనము మారుననుట కిది చక్కని ఉదాహరణము.

ఈ పర్వతారోహణ ఫలితముగా హంబోల్టు ఒక చిత్రమును కల్పించెను. దాని తొలిరూపమును 1803లో గ్వాయకీల్ రేవుపట్టణమున గీచెను. 1807లో అది అచ్చుపడెను. చింబొరాజో పర్వతమును నిలువున కోసినట్లు చూపి, ఏ ఎత్తున ఏ మొక్క పెరుగునో ఆ చోటనే దాని పేరు వ్రాసెను. చిత్రమునకు ఇరుప్రక్కల నిలువు వరుసలలో ఆయా ఎత్తులందలి గాలి బరువు, ఉష్ణోగ్రత, తేమ, నీరు మరుగు వేడిమి, ఆకాశపు నీలిమ మొదలగు వివరములు చేర్చెను. ఒక్క చూపులో ఒక పర్వతము యొక్క సమస్త జీవితము కనబడును. నేడు కంప్యూటరుపై పటములు కూర్చువారు రాళ్లు ఒక పొర, మొక్కలు ఒక పొర, ఎత్తులు ఒక పొర, ఊళ్లు ఒక పొరగా పేర్చి, ఒకదానిపై నొకటి నిలిపి చూచుదురు. వేర్వేరు కొలతలను ఒకే చోటికి తెచ్చి వాటి సంబంధమును కంటికి చూపవలెనను ఆ భావము హంబోల్టు చిత్రమున స్పష్టముగా కలదు.

1803లో ఆయన మెక్సికో దేశము చేరెను. అచట హొరుల్లో అను అగ్నిపర్వతమున్నది. 1759 సెప్టెంబరులో పంటపొలముల నడుమ నేల బ్రద్దలై ఈ పర్వతము పుట్టెను. పుట్టిన దినము మనుష్యులకు తెలిసిన పర్వతము లెన్ని కలవు? హంబోల్టు ఆశతో అచటికి పోయి, బిలమున దిగి, ఎత్తులు కొలిచి, పటము గీచెను. చుట్టునున్న మైదానము మధ్యలో ఎత్తుగా నుండుట చూచి, నేల బుడగవలె ఉబ్బి యీ రూపము పొందినదని నిశ్చయించెను. ఈ నిశ్చయము నిలువలేదు. బయటికి వచ్చిన లావాయు బూడిదయు పేరుకొనుటచేతనే ఆ ఎత్తు కలిగినదని తరువాతి భూవిజ్ఞానులు తేల్చిరి. అయినను వారు విమర్శించుటకు ఆధారమైనవి హంబోల్టు కొలతలే. తన ఊహను, తాను కొలిచిన దానిని వేర్వేరుగా వ్రాసి యుంచినందుననే ఆయన పొరపాటును ఇతరులు సవరింపగలిగిరి. మంచి పటమునకు ఇది లక్షణమని మేము తలంచెదము.

అమెరికా సంయుక్త రాష్ట్రములందు అధ్యక్షుడు జెఫర్సన్‌ను దర్శించి, 1804 ఆగస్టులో హంబోల్టు ఫ్రాన్సు చేరెను. 1805లో గే లుస్సాక్, ఫాన్ బూఖ్ అను విద్వాంసులతో కలిసి ఇటలీలోని వెసూవియస్‌ను పరీక్షించెను. ఫాన్ బూఖ్ కూడ వెర్నర్ శిష్యుడే. ఇంతకాలమున హంబోల్టు మనస్సు మారెను. ఆయన చూచిన అగ్నిపర్వతములు ఎత్తైన పర్వతశ్రేణుల నడుమ బారులు తీరియుండెను. వాటి మూలము భూమి లోతులలో నుండవలెను గాని పైపొరలందలి బొగ్గుమంటలో కాదని ఆయనకు తోచెను. 1823లో బెర్లిను విద్వత్పరిషత్తులో అగ్నిపర్వతముల నిర్మాణమును గూర్చి ఉపన్యసించి, భూగర్భపు వేడిమియే వాటికి కారణమను అభిప్రాయమును బలపరచెను. గురువును నిందింపలేదు. గురువు చూడని దేశములను శిష్యుడు చూచి వచ్చెను, అంతియే. పిదప 1858లో వెలువడిన గ్రంథమున ప్రపంచమునందలి 407 అగ్నిపర్వతములను లెక్కించి, వాటిలో 225 ఇటీవలి కాలమున మండినవని పేర్కొనెను. మెక్సికో అగ్నిపర్వతములు ఒకే అక్షాంశము వెంబడి వరుసగా నుండుట ఆయన గమనించి, ఒక మహాబీటలు దానికి కారణమని ఊహించెను. 1960వ దశకమున భూఫలకముల సిద్ధాంతము వచ్చి, ఆ వరుసలకు సరియైన కారణము చెప్పినది.

ఎత్తులవలెనే వేడిమిని కూడ పటమున చూపవచ్చునని 1817లో ఆయన నిరూపించెను. సమాన ఉష్ణోగ్రత గల చోట్లను రేఖతో కలిపి, సమోష్ణరేఖలను లోకమునకు పరిచయము చేసెను. మన భూగోళ పుస్తకములందలి ఆ రేఖలు ఆయన పెట్టిన భిక్షయే.

హిమాలయములను చూడవలెనను కోరిక ఆయనను జీవితాంతము వెంటాడెను. అందులకై పారిసు నగరమున పారసీక భాష నభ్యసించెను. ఇంగ్లండు పోయి అనుమతికై పలుమారులు యత్నించెను. ఈస్టిండియా కంపెనీ అనుమతి నీయలేదు. స్పానిష్ వలసలందలి దుష్పరిపాలనను తన గ్రంథములలో నిర్భయముగా వెల్లడించిన విమర్శకుని తమ రాజ్యమున అడుగిడనిచ్చుటకు కంపెనీ జంకినదని పలువురు చరిత్రకారుల అభిప్రాయము. చివరకు 1829లో రష్యా చక్రవర్తి ఆహ్వానముపై సైబీరియా వరకు పోయి, ఆ విధముగా ఆసియాను చూచి తృప్తిపడెను. తాను పోలేని దేశమునకు ఇతరులనైన పంపవలెనని తలంచి, ష్లాగిన్‌ట్వైట్ సోదరులకు తోడ్పడెను. ఆ సోదరులు 1854లో బొంబాయిలో దిగి, దక్కను మీదుగా మద్రాసు చేరి, పిదప హిమాలయములకు పోయిరి. ఆ విధముగా ఆయన శాస్త్రపద్ధతి మన దక్కను నల్లరాళ్ల మీదుగా నడచి పోయినది. అన్న విల్‌హెల్మ్ సంస్కృతము నేర్చి భగవద్గీతను గూర్చి బెర్లినులో ఉపన్యసించెనని కూడ ఇచట చెప్పుట సముచితము.

హంబోల్టు రాళ్లను మాత్రమే చూచి మనుష్యులను విస్మరించినవాడు కాడు. కుమానాలో తన కిటికీకి ఎదురుగా మనుష్యులను అంగట పెట్టి అమ్ముట చూచి ఆయన హృదయము క్షోభించెను. 1826లో క్యూబాను గూర్చి వ్రాసిన గ్రంథమున బానిసత్వమును తీవ్రముగా ఖండించెను. 1856లో ఆ గ్రంథమును న్యూయార్కులో ఆంగ్లమున ప్రచురించినప్పుడు బానిసత్వపు అధ్యాయమును తొలగింపగా, ఎనుబదియారేండ్ల వృద్ధుడు పత్రికాముఖమున నిరసన తెలిపెను. ప్రష్యా గడ్డపై కాలుమోపిన ప్రతి బానిసయు స్వతంత్రుడగునట్లు 1857లో చట్టము వచ్చుటకు ఆయన కృషి కారణము. మానవజాతులలో ఎక్కువ తక్కువలు లేవని ఆయన దృఢముగా నమ్మెను.

1827లో బెర్లినునకు మరలి వచ్చిన హంబోల్టు అచట ఉచితముగా ఉపన్యాసము లిచ్చెను. స్త్రీలును, సామాన్యులును వాటికి తరలివచ్చిరి. ఆ ఉపన్యాసముల నుండియే కాస్మాస్ అను మహాగ్రంథము రూపొందెను. మొదటి సంపుటము 1845లో, రెండవది 1847లో వెలువడెను. ఆ రెండవ సంపుటమున అరబ్బుల విజ్ఞానసేవను గూర్చి ప్రత్యేకముగా ఒక ప్రకరణము వ్రాసి, ప్రయోగమును కొలతను ఆశ్రయించిన భౌతికశాస్త్రములకు వారు చేసిన ఉపకారమును కొనియాడెను. ఇది మన కళాశాల పాఠకులకు విశేషముగా ఆనందము కలిగించు విషయము. 11వ శతాబ్దిలో అల్ బిరూనీ నందనా కోట దగ్గరి కొండపై నిలిచి, దిగంతము వంగిన కోణమును కొలిచి భూమి వ్యాసార్ధము లెక్కించెను. 1154లో అల్ ఇద్రీసీ ఎట్నా అగ్నిపర్వతము గల సిసిలీ ద్వీపమున రాజు కొలువులో నుండి, 70 భాగములుగా ప్రపంచపటమును పూర్తిచేసెను. జ్ఞానమునకు కులమతములు లేవు. ఒకరు వెలిగించిన దీపమునుండి మరియొకరు తమ దీపము వెలిగించుకొందురు.

తనకు సంక్రమించిన ఆస్తి యంతయు యాత్రకును, గ్రంథముల అచ్చునకును హంబోల్టు వ్యయము చేసెను. వృద్ధాప్యమున రాజు ఇచ్చు వేతనమే ఆధారమయ్యెను. అయినను తనను ఆశ్రయించిన యువవిద్వాంసులకు సహాయము చేయుట మానలేదు. 1859 మే 6వ తేదీన, తన 89వ యేట బెర్లినులో పరమపదించెను. కాస్మాస్ అయిదవ సంపుటము అసంపూర్ణముగా మిగిలి, ఆయన మరణానంతరము 1862లో ప్రచురితమయ్యెను.

ఆయన మరణించిన పిదప పటశాస్త్రము ఊహకందని వేగమున పెరిగెను. 1972 జూలైలో మొదటి లాండ్‌శాట్ ఉపగ్రహము ఎగసి, నేలను పదేపదే చిత్రించు పని కారంభమయ్యెను. 2000 ఫిబ్రవరిలో ఎండీవర్ అను అంతరిక్షనౌక 11 దినములలో రాడారు సాయమున భూభాగమున సుమారు 80 శాతమునకు ఎత్తులు కొలిచెను. హంబోల్టు ఒక్కొక్క చోట బారోమీటరు నిలిపి చేసిన పని అది. రాడారు కిరణమునకు మేఘము అడ్డు కాదు, చీకటి అడ్డు కాదు. ఒకే చోటిని రెండు వేర్వేరు దినములలో రాడారుతో చిత్రించి, తిరిగి వచ్చిన తరంగములను పోల్చినచో, నడుమ నేల ఎంత కదలినదియు తెలియును. ఈ విధముగా ఎట్నా పర్వతము లావా వెళ్లగ్రక్కిన పిదప క్రుంగిన వైనమును 1995లో విద్వాంసులు ప్రకటించిరి. వేడిమిని గ్రహించు కెమెరాలు క్రొత్త లావా ఎచట ప్రవహించుచున్నదో చూపును. ఈ వివరములను కంప్యూటరు పటములపై చేర్చి, ఏ ఊరివారిని ముందుగా తరలింపవలెనో అధికారులు ఆలోచింతురు. కనుక పటమున ఒక గీత తప్పినచో ఆ తప్పు మనుష్యుల ప్రాణములమీదికి రాగలదు.

అందువలననే నేటికిని ఉపగ్రహచిత్రమును మాత్రమే నమ్మి ఊరకుండరు. చిత్రమున నల్లగా కనబడునది క్రొత్త లావాయో, పాత బూడిదయో, నీడయో నిశ్చయించుటకు మనుష్యుడు అచటికి పోయి రాయి చేతబట్టి చూడవలసియున్నది. యంత్రము చూపినదానిని నేలపై పరీక్షింపవలెను. నేలపై కనబడినది పుస్తకముతో సరిపడనిచో పుస్తకమును సవరింపవలెను. హంబోల్టు జీవితమంతయు నడచినది ఈ మార్గముననే.

మన కళాశాల విద్యార్థినీ విద్యార్థులకు మా విన్నపమొకటి. మీలో కొందరు రేపు ఉపగ్రహచిత్రములను చదువు ఉద్యోగములలో చేరవచ్చును. హైదరాబాదులోని జాతీయ దూరసంవేదన కేంద్రము మనకు దూరమైనది కాదు. మీరే శాఖలో చేరినను, గురువులు చెప్పినదానిని శ్రద్ధతో నేర్చుకొనుడు. నేర్చినదానిని మీ కన్నులతో, మీ కొలతలతో పరీక్షించుకొనుడు. ఎంతవరకు చేరితిరో అంతవరకే చేరితిమని వ్రాయుడు. చింబొరాజోపై దాటరాని లోయ యెదుట నిలిచి, బారోమీటరు చూచి, ఆ అంకెనే నిజాయితీగా వ్రాసికొనిన ఆ మహనీయుని మార్గము మీకు ఆదర్శమగుగాక!